వెనక్కి నడిచేవాళ్లు

బావిలో తాడు తెగి, పూడిక తీసే మేస్త్రి కాలు విరిగిన రోజు నుంచి తాళ్లు పేనే తాళ్లాయన నార ముట్టుకోలేదు. ఆయన ఇప్పుడు గోదాములో బస్తాలు మోస్తున్నాడు. భార్య ఆసుపత్రి దుప్పట్లు ఉతికే షెడ్డులో చేరింది. ఇంట్లో మిగిలింది కళ్లకు పొరలు కమ్మిన ముసలి తల్లి, పెరట్లో పని లేకుండా నిలబడ్డ రాట్నం. ఆ రాట్నాన్ని కూడా వడ్రంగికి ఇచ్చేస్తానని తాళ్లాయన మాట ఇచ్చేశాడు. పొద్దున వచ్చి విప్పి పట్టుకుపోతాడు. ఆ మాట ఖాయమైన సాయంత్రమే వాకిట్లో కర్ర చప్పుడైంది. చూస్తే బావుల మేస్త్రి. పడిన తర్వాత ఆయన ఆ గుమ్మం ముందుకు రావడం అదే మొదలు.

తాళ్లాయన అప్పుడే పని నుంచి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. చొక్కా భుజం దగ్గర పుండుకు అంటుకుపోయి ఉంది. లాగితే తోలు కూడా వస్తుందని తెలుసు కాబట్టి దాని జోలికి పోలేదు. మేస్త్రిని చూసి లేచాడు. లేచాక ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడ్డాడు. కళ్లు మాత్రం నేరుగా ఆ కాలి మీదికే పోయాయి. ఎముక అతికింది గాని, అతకాల్సిన తీరుగా అతకలేదు. పాదం బయటికి తిరిగి, మనిషి ఒక దారిన పోతుంటే అది ఇంకో దారి చూస్తున్నట్టుంది.

“ఎవర్రా అది, మూడు కాళ్ల మీద వచ్చింది?” కిటికీలోంచి ముసలమ్మ అడిగింది.

“నేనే పిన్నీ. ఒక కాలు అరువుది.”

“నువ్వా నాయనా! ఇంతసేపూ ఆయనకి నీ గురించే చెప్తున్నా.”

“ఎవరికి?”

“పైనున్నాయనకి. విన్నాడో, విననట్టు నటించాడో. వయసైపోయింది కదా ఆయనకి కూడా.”

సాయంత్రమయ్యేసరికి ముసలమ్మ ఆ కిటికీ దగ్గర కూర్చుని దేవుడితో మాట్లాడుతుంది. ప్రార్థన అని ఆమె అంటుంది. వినేవాళ్లకు మాత్రం పక్కింటివాడితో గోడ తగాదా పెట్టుకున్నట్టుంటుంది. ఏ రోజు ఏం అడిగింది, ఆయన ఏది మర్చిపోయాడు, ఏది సగం చేసి వదిలేశాడు, అన్నీ గుర్తు చేస్తుంది. చివర్లో మాత్రం “సరే, పడుకో. నీకూ పొద్దున్నే పని ఉంటుంది” అని వదిలేస్తుంది.

ముసలమ్మ కోడలు, తాళ్లాయన భార్య, పెరట్లోంచి వచ్చింది. సోడా నీళ్లలో నాని ఆమె వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. స్టూలు కొంగుతో తుడిచి వేసింది.

“కూర్చోండి బావగారూ. టీ పెడతా.”

“టీ తర్వాత అమ్మాయ్. ముందు నేనొచ్చిన పని వినండి. విన్నాక ఇవ్వాలో వద్దో మీరే చూసుకోండి.”

ఇన్నాళ్లూ రావాల్సిన తిట్లు ఇవాళ వచ్చాయి అనుకుంది కోడలు. రానీ, ఒక రకంగా మంచిదే. ఎప్పుడు కురుస్తుందో తెలియని మబ్బు కింద తలదించుకుని తిరగడం కంటే తడిసిపోవడమే నయం.

మేస్త్రి కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు.

“తమ్ముడూ, నాకు తాడు కావాలి.”

“ఏ తాడు?”

“బావిలోకి దిగే తాడు. ఆ వీధి బావిలో పూడిక సగం తీసి పడ్డాను కదా. మిగతా సగం అలాగే ఉంది. అక్కడివాళ్లు ట్యాంకరు వచ్చిన రోజు నీళ్ల కోసం కొట్టుకుంటున్నారు, రాని రోజు ట్యాంకరు ఎందుకు రాలేదని కొట్టుకుంటున్నారు. నిన్న వచ్చి అడిగారు. దిగుతానన్నా.”

“ఆ కాలితోనా?” అంది కోడలు.

“లోపల నడిచేదేముంది అమ్మాయ్? కూర్చుని బురద తట్టకెత్తడమే. నాకు కష్టమంతా నేల మీదే. బావిలో నేను ఇప్పటికీ దొరనే.”

తాళ్లాయన తల ఎత్తలేదు. “బజార్లో ప్లాస్టిక్ తాళ్లు అమ్ముతున్నారు అన్నా. లారీనే లాగుతాయంట.”

“నేను లారీని కాదుగా. తడి చేతిలో ఆ తాడు జర్రున జారుతుంది. నాకు నార తాడే కావాలి. అదీ నువ్వు పేనిందే.”

“నేను పేనను.”

“ఎందుకని?”

“ఎందుకని నువ్వడుగుతున్నావా?” తాళ్లాయన గొంతు ఒక్కసారిగా లేచింది. గోదాము పనిలో చేరాక ఆ గొంతు అంత గట్టిగా వినడం కోడలికి అదే మొదలు. “నా తాడు పట్టుకుని దిగావు. తెగింది. పడ్డావు. నువ్వు పెట్టిన కేక విన్నవాళ్లు ఇప్పటికీ నన్ను చూస్తే రోడ్డు ఆ పక్కకి పోతారు. మళ్లీ నా తాడే కావాలంటావా? విరిగింది నీ కాలా, తలకాయా?”

మేస్త్రి నవ్వాడు. “తల కూడా తగిలిందిలే. డాక్టరు ఫొటో తీసి చూశాడు. లోపల ఏమీ కనబడలేదన్నాడు. మా ఆవిడ ఆ మాట ఎప్పుడో చెప్పింది.”

ఎవరూ నవ్వకపోయేసరికి ఆయన కూడా నవ్వు ఆపేశాడు.

“నా మాట విను తమ్ముడూ. మీ నాన్న పేనిన తాడు మీద దిగాను, నువ్వు పేనిన తాడు మీద దిగాను. పొద్దున దిగి సాయంత్రం పైకొచ్చి అన్నం తిన్నాను. ఆ రోజుల్లో ఎవరైనా మీ ఇంటికొచ్చి ‘ఇవాళ తాడు తెగలేదు, శెభాష్’ అన్నారా? అనలేదు. తెగిన ఒక్క రోజు మాత్రం ఊరంతా వచ్చింది.”

“ఆ ఒక్క రోజు చాలన్నా.”

ఆ మాటలో కోపం లేదు. ఒట్టి అలసట. దాని వెనక ఏముందో కోడలికి తెలుసు. నిద్రలో ఆయన చేతులు వాటంతటవే కదులుతుంటాయి, బొటనవేలు చూపుడువేలి మీద రాసుకుంటూ, లేని నారకు పురి ఎక్కిస్తూ. మెలకువ వస్తే తన చేతుల్నే దొంగల్లా చూసుకుని, వాటిని వీపు కిందికి తోసి, మళ్లీ పడుకుంటాడు.

“రాట్నం రేపు వడ్రంగి తీసుకుపోతాడు. ఆ చెక్కతో కుర్చీలు చేస్తాడంట. కూర్చుంటే ఎవరూ పడరు కదా” అన్నాడు తాళ్లాయన.

“మీ నాన్న కుర్చీ మీంచే కదరా పడ్డాడు” అంది ముసలమ్మ కిటికీలోంచి.

ఇక్కడ తాడు పేనే పని తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. పేనేవాడు నార కట్టను నడుముకు చుట్టుకుంటాడు. దాని కొస రాట్నం కొక్కేనికి తగిలిస్తాడు. ఇంకొకరు రాట్నం తిప్పుతుంటే, వేళ్ల సందుల్లోంచి నార కొంచెం కొంచెంగా వదులుతూ వెనక్కి నడుస్తాడు. కళ్లెప్పుడూ నార మీదే ఉండాలి. తిరిగి చూస్తే పోగు లావైపోతుంది, లేదా సన్నబడుతుంది. అందుకని వెనక రాయి ఉందో, మేక పడుకుందో చూసేది రాట్నం తిప్పే మనిషే. అడ్డం ఉంటే “ఆగు” అనాలి. ఏమీ అనకపోతే దారి ఉన్నట్టు. తాళ్లాయన ఇంటి పక్క సందులో, పెరటి రాట్నం దగ్గర నుంచి వీధి గేటు దాకా, గడ్డి మొలవకుండా నున్నగా అరిగిపోయిన బాట ఉంది. అదంతా వెనక్కి నడిచిన పాదాలు అరగదీసిందే.

పెళ్లైన కొత్తలో ఒకసారి ఇద్దరికీ ఏదో మాటా మాటా వచ్చింది. కోడలు మూతి బిగించుకుని రాట్నం తిప్పింది. దారి మధ్యలో ఎవరో జరిపిపెట్టిన నార నానబెట్టే తొట్టి ఉంది. ఆమె “ఆగు” అనలేదు. ఆయన తిన్నగా వెళ్లి తొట్టిలో కూర్చున్నాడు. ముసలమ్మ అప్పట్లో చూపున్నది కాబట్టి అదంతా చూసి, నవ్వలేక కడుపు పట్టుకుంది. నీళ్లలో కూర్చునే తాళ్లాయన “అరవాలనిపిస్తే అరిచెయ్. అంతేగాని, ఆగు అనే మాట మాత్రం ఎగ్గొట్టకు” అన్నాడు. ఆ తర్వాత ఎన్ని గొడవలైనా ఆమె ఆ ఒక్క మాట ఎగ్గొట్టలేదు.

ముసలమ్మ గోడ తడుముకుంటూ వసారాలోకి వచ్చింది.

“ఆ తాడు ఏదిరా?”

“ఏ తాడమ్మా?”

“ఆ తెగిన తాడురా.”

కోడలే చెప్పింది. “అటక మీద ఉంది అత్తా. ఆ రోజు బావి దగ్గరివాళ్లు గోనెసంచిలో తెచ్చి గుమ్మం ముందు పడేసి పోయారు. ఎక్కడ పెట్టాలో తెలియక అటకెక్కించా.”

“ఎవరైనా చూశారా దాన్ని?”

“చూడటానికేముందమ్మా?” అన్నాడు కొడుకు. “తెగిన తాడు తెగినట్టే ఉంటుంది.”

“అదేం మాటరా? విరిగిన కాలుని డాక్టరు చూశాడు, ఫొటోలు తీసి మరీ. తెగిన తాడుని ఇంటినిండా తాళ్లవాళ్లుండి ఒక్కరూ చూడలేదు. ఎక్కడ తెగిందో తెలియకుండా ఇంకో తాడు ఎలా పేనుతావు?”

“నేను పేనను అంటున్నాగా.”

“నువ్వు పేనకు. నన్ను చూడనీ.”

“నీకు కళ్లెక్కడివి?”

“కళ్లున్నవాళ్లు చూసింది చాల్లే.”

మేస్త్రి కర్రతో నేల మీద చిన్నగా కొట్టాడు. “తీసుకురా అమ్మాయ్. నన్ను పడేసిన మహానుభావుణ్ణి నేను కూడా సరిగ్గా చూడలేదు.”

కోడలు మొగుడి వైపు చూసింది. ఆయన వద్దనలేదు, ఊ అనలేదు. లేచి రాట్నం దగ్గరికి పోయి, దాని స్తంభానికి ఆనుకుని, మొహం గోడ వైపు తిప్పుకుని నిలబడ్డాడు. సూది పొడిపించుకునే పిల్లాడు మొహం తిప్పుకున్నట్టు.

ఆమె స్టూలెక్కి సంచి దించింది. లోపల తాడు బురద పట్టి ఎండి, కట్టెలా బిగుసుకుపోయింది. ఎక్కడ తాడో, ఎక్కడ మట్టో తెలియడం లేదు. పెరట్లో తొట్టి దగ్గరికి తీసుకుపోయి నీళ్లలో ముంచింది. పగలంతా దుప్పట్లు ఉతికిన చేతులు మళ్లీ నీళ్లలో పెట్టాలంటే వేళ్ల కీళ్లు ఒప్పుకోలేదు. అయినా పిసికింది. బురద కరిగి నీళ్లు నల్లబడ్డాయి. మెల్లగా నార రంగు తేలింది. ముసలమ్మ పెరటి గట్టు మీద కూర్చుంది. మేస్త్రి స్టూలు ఈడ్చుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కోడలు తాడును పిండి అత్త ఒళ్లో పెట్టింది.

ముసలమ్మ ముందు తెగిన కొస పట్టుకుంది. పీచులు వేళ్ల మధ్య నలిపింది. తర్వాత కొంచెం కిందికి వచ్చి, తాడును నిలువుగా ఎత్తి పట్టుకుని, కింద నుంచి పైకి బొటనవేలు జరిపింది. ఆగింది. మళ్లీ జరిపింది. ఇంకోచోట పట్టుకుని మళ్లీ జరిపింది.

“పిన్నీ, ఏమంటున్నాడు ఆ మహానుభావుడు?” అన్నాడు మేస్త్రి.

“ఉండు.”

ఆమె తాడును తలకిందులు చేసి చూసింది. మొహంలో ఏ మార్పూ లేదు. చివరికి, ఇంట్లోకి తప్పిపోయి వచ్చిన పక్కింటి పిల్లిని గుర్తుపట్టినంత మామూలుగా అంది.

“ఇది మనది కాదు.”

గోడ మీంచి ఒక కాకి ఎగిరిపోయింది.

“ఏంటత్తా?”

“మనది కాదే పిల్లా. పురి చూడు. మా మామగారు ఎడమచేతివాడు. రాట్నం అందరూ తిప్పేవైపు ఆయన తిప్పలేకపోయాడు. తన చేతివాటానికి తిప్పాడు. అప్పటినుంచి ఈ ఇంట్లో తాడు ఎడమకే మెలి తిరుగుతుంది. తాడు ఎత్తి పట్టుకుంటే పాయలు ఎడమకి ఎక్కాలి. ఇవి కుడికి ఎక్కుతున్నాయి. లోకంలో అందరిలాగా.”

కోడలు వంగి చూసింది. రాట్నం తిప్పిన చేయి ఆమెది. ఏ వైపు తిప్పిందో మెదడు మర్చిపోయినా భుజానికి తెలుసు. పాయలు కుడికే ఎక్కుతున్నాయి. తొట్టి అంచు పట్టుకుని అక్కడే కూలబడింది. ఆమెకు సంతోషం రావాలి కదా. రాలేదు. ఇన్ని నెలలు ఉతికిన దుప్పట్లు, వాటి మరకలు, ఆయన భుజం మీద పుండు, బజారులో దించుకున్న తల, అన్నీ ఒక్కసారిగా ఒంటి మీద బరువెక్కాయి. దించేయొచ్చని తెలిసిన తర్వాతే బస్తా ఎంత బరువుందో తెలుస్తుందని ఆయన గోదాము నుంచి వచ్చి ఒకసారి అన్నాడు.

“ఏమయ్యా, ఇలా రా” అని పిలిచింది.

“నేను రాను.”

“ఒక్కసారి ముట్టుకో.”

“అమ్మ చేతులు ముసలివైపోయాయి. ఆమెకి ఏం తెలుస్తుంది?”

“అయితే నీ చేతులతో నువ్వు చూడు. అవేం ముసలివి కాలేదుగా.”

తాళ్లాయన వచ్చాడు. నిలబడే తాడు అందుకున్నాడు. చూడలేదు, కళ్లు మూసుకున్నాడు. బొటనవేలు ఒక్కసారే జరిపాడు. రెండోసారి అవసరం లేకపోయింది. అలాగే నేల మీద కూర్చున్నాడు, కాళ్లు చాపుకుని, చిన్నపిల్లాడిలా.

“నేను చూడనేలేదు.”

అంతే అన్నాడు. ఊరంతా నీ తాడే అంటే అవుననుకున్నాడు. తాడు తెగిందంటే ఇంకెవరిది తెగుతుందనుకున్నాడు. చేతికందే దూరంలో అటక మీద సంచి ఉంటే, దాని కింద నుంచి రోజూ తల వంచుకుని బస్తాలు మోయడానికి పోయాడు.

ముసలమ్మ మొహం పైకెత్తింది. “విన్నావా? ఈ మాట ముందే నా చెవిలో వేస్తే నీ సొమ్మేం పోయేది? నా కొడుకు భుజం తోలు లేచిపోయాక ఇప్పుడు తీరిక దొరికిందా నీకు?” గొంతు తగ్గించింది. “సరేలే. నేను మాత్రం అడిగానా? వాడి కడుపు నిండాలని అడిగాను, వీడి కాలు అతకాలని అడిగాను. ఆ తాడేదో తెచ్చి చూపించమని నాకూ తట్టలేదు. పోనీ, తప్పు చెరిసగం.”

అప్పుడు మేస్త్రి పక్కకు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు కోడలికి అంటుకుంది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తొట్టి పక్కన నేల మీద కూర్చున్న తాళ్లాయన తల ఎత్తి, “నవ్వండి నవ్వండి” అంటూనే తనూ నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఏడుపైంది. ఆయన దాన్ని దాచుకోవడానికి తొట్టిలో నీళ్లతో మొహం కడుక్కున్నాడు. అవి బురద నీళ్లని ఎవరికీ గుర్తులేదు. మొహమంతా మట్టి చారలతో తల ఎత్తేసరికి మళ్లీ నవ్వారు.

ఆ నవ్వులోంచి ముందుగా బయటపడింది మేస్త్రి.

“ఆ రోజు తాడు చేతికి కొత్తగా అనిపించింది తమ్ముడూ. కొత్త తాడు కదా, కొత్తగా కాక ఎలా ఉంటుంది అనుకున్నా. అంత తెలివి నాది.”

“మరి మేం పేనింది ఏమైంది?” అంది కోడలు. “ఆ రోజు పొద్దున చుట్ట నేనే ఇచ్చా బావగారూ. ఇదిగో, ఈ గేటు దగ్గరే. అక్క చేతికి.”

“మా ఆవిడ చేతికే. గిలక మీద తాడు వేసేది ఎప్పుడూ ఆవిడే కదా. నేను దిగుతా, ఆవిడ పైన...”

కర్ర పిడి మీద మేస్త్రి చేయి ఒకసారి అటూ ఇటూ జరిగింది.

కోడలికి ఒకటి గుర్తొచ్చింది. మేస్త్రి పడిన మర్నాడు ఆయన భార్య వచ్చింది. తిడుతుందనే అనుకున్నారు ఇంట్లో అందరూ. ఆమె తిట్టలేదు. గుమ్మంలో నిలబడి “నీ తప్పేం లేదు తమ్ముడూ. నీ తప్పేం లేదు” అని రెండుసార్లు చెప్పి వెళ్లిపోయింది. ఎంత పెద్ద మనసో అని వీధంతా చెప్పుకుంది. ముసలమ్మ ఆమె పేరు తన ప్రార్థనలో చేర్చుకుంది కూడా. ఆ మాట ఓదార్పు అనుకున్నారు అందరూ.

కోడలు మేస్త్రి వైపు చూడలేకపోయింది. ఆయన తన వంకర పాదాన్ని చూసుకుంటున్నాడు.

“అన్నా” అన్నాడు తాళ్లాయన. వాళ్లిద్దరి ఆలోచన ఏ దారిలో పోతోందో ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. అర్థమయ్యే ఆపాడేమో. “ఎవరిదో, ఎలా వచ్చిందో ఇప్పుడు నాకొద్దు. నాది కాదని తెలిసింది. ఇవాళ్టికి అంతవరకే మొయ్యగలను. నీకు తాడు కావాలన్నావు కదా?”

“అన్నాను.”

“వెలుగు ఇంకా కొంచెం ఉంది. ఒక్క పోగు తీసి చూస్తా. చేతులు చెప్పిన మాట వింటాయో లేదో.”

తడి తాడు తల్లి ఒళ్లో పెట్టి, మూల ఉన్న నార కట్ట దులిపాడు. దుమ్ము లేచింది. నడుముకు చుట్టుకోబోతే కట్టు వదులైంది. గోదాము పనిలో ఒళ్లు అంత తగ్గింది మరి. ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. కోడలు చేతులు కొంగుకు తుడుచుకుని రాట్నం పిడి పట్టుకుంది. కొస కొక్కేనికి తగిలించి ఆయన ఒకసారి ఆమె వైపు చూశాడు. ఆమె ఎడమకు తిప్పింది.

రాట్నం కిర్రుమనలేదు. మెత్తగా, నిన్న కూడా పని చేసినట్టు తిరిగింది.

ఆయన చేయి ఆగింది. “నూనె ఎవరు వేశారు?”

“నేనే.”

“ఎప్పుడు?”

“అప్పుడప్పుడు. షెడ్డు నుంచి వచ్చాక. ఒకసారి తిప్పి వదిలేసేదాన్ని.”

“ఎందుకు? ఎలాగూ ఇచ్చేస్తున్నాం కదా.”

“ఏమో. ఊరికే.”

ఆమె అంతకంటే ఏమీ చెప్పలేదు. చెప్పడానికి తన దగ్గరా ఏమీ లేదు. దేవుడితో పోట్లాడే ఓపిక అత్తకు ఉంది, తనకు లేదు. ఒక చుక్క నూనె వేసే ఓపిక మాత్రం ఉంది.

ఆయన వెనక్కి ఒక అడుగు వేశాడు. తర్వాత ఇంకోటి. వేళ్లలోంచి నార జారుతోంది. మొదటి మూర లావుగా వచ్చింది. రెండోది సన్నబడింది. ఆ తర్వాత వేళ్లకు గుర్తొచ్చింది. పోగు సమంగా సాగుతూ, ఎడమకు మెలి తిరుగుతూ, ఇద్దరి మధ్యా గాలిలో ఆడింది.

“నడుస్తున్నాడా?” అంది ముసలమ్మ.

“నడుస్తున్నాడు పిన్నీ” అన్నాడు మేస్త్రి. “వెనక్కి. మీ వాళ్లది అదేం పనో నాకు ఎప్పుడూ అర్థం కాదు. ముందేముందో చూడకుండా పోవడం.”

“ముందుకు నడిచేవాళ్లకి రేపు కనబడుతుందా ఏంటి? నీకు కనబడిందా? మాకు కనీసం నిన్న కనబడుతుంది” అంది ముసలమ్మ. “మిగతాది రాట్నం దగ్గరి మనిషి చూసుకుంటుంది.”

మేస్త్రి నవ్వలేదు. “మాదీ అంతేలే పిన్నీ. లోపలికి దిగితే పైన ఏం జరుగుతుందో నాకేం తెలుస్తుంది? పైనున్న మనిషికే తెలియాలి.”

సందులో వెలుగు పలచబడింది. తాళ్లాయన సగం బాట దాటాడు. ఆయన మొహం కోడలికి బాగా కనబడుతోంది. చాలా కాలం తర్వాత ఆ మొహంలో ఏమీ లేదు. బాధ లేదు, సంతోషం లేదు, పని ఒక్కటే ఉంది. ఆమె ఇంకేమీ కోరుకోలేదు. చేయి నొప్పి పెడుతున్నా రాట్నం ఆపలేదు. ఆయన భుజం మీదుగా వెనక దారి చూస్తోంది. రాయి లేదు. మేక లేదు. గేటు మూసి ఉంది.

మరో రెండు చుట్లు తిప్పి మళ్లీ చూసేసరికి గేటు తెరిచి ఉంది.

అక్కడ మేస్త్రి భార్య నిలబడి ఉంది. చీకటి పడుతుంటే మొగుణ్ణి ఇంటికి తీసుకుపోవడానికి వచ్చినట్టుంది. చేతిలో ఆయన శాలువా. అరిగిన బాట మీదే, తాళ్లాయన దారికి అడ్డంగా నిలబడింది. ఆయన్ని చూడటం లేదు. రాట్నం వైపూ చూడటం లేదు. ఆమె కళ్లు ముసలమ్మ ఒడిలో, బురదంతా పోయి నార రంగు తేలిన ఆ తడి తాడు మీద ఉన్నాయి. శాలువా కొస నేల మీద పడి ఉంది. ఆమెకు తెలియడం లేదు.

మేస్త్రి ఆమెను చూశాడు. పిలవలేదు.

తాళ్లాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ మాట చెప్పాల్సింది కోడలే. ఎంత కోపంలో ఉన్నా ఎగ్గొట్టని మాట. ఆమె నోరు తెరిచింది. చేయి మాత్రం దానంతట అది రాట్నం తిప్పుతూనే ఉంది.

ఏ మాటా వినబడలేదు కాబట్టి దారి ఉందనుకుని ఆయన ఇంకో అడుగు వేశాడు. ఇంకోటి.

“పిన్నీ” అంది మేస్త్రి భార్య. ఆ గొంతు సరిగ్గా ఆయన వీపు వెనక నుంచి వచ్చింది. ఆ రోజు ఓదార్చినంత మెత్తగానే ఉంది. “ఆ తాడు ఎవరు కడిగారు?”